పదిహేను రూపాయల గాలి

రెండు నెలలైంది, డ్యూటీ డబ్బులు పడలేదు.
గ్రాంటు రావాలమ్మా, అంటారు అకౌంట్స్ సన్యాసిరాజు గారు,
గ్రాంటేదో లేటుగా నడుస్తున్న విశాఖ ఎక్స్‌ప్రెస్ అయినట్టు,
దువ్వాడ దాటేసింది, ఇంకో అరగంటే అన్నట్టు.

నేను క్యాజువల్ అనౌన్సర్ని. నెలకు ఆరు డ్యూటీలు.
ఎర్ర దీపం వెలిగితే నా గొంతు ప్రభుత్వానిది,
ఆరితే నాది, దగ్గుతో సహా.

పొద్దున ఫిషింగ్ హార్బర్లో
నొల్లి అప్పలకొండ
తన తండ్రి రేడియో లైసెన్సు పుస్తకం తెచ్చి చూపించింది.
ఉప్పుగాలికి అట్ట బూడిదరంగు తిరిగింది.
లోపల ఏడాదికో స్టాంపు, పోస్టాఫీసు గుండ్రటి ముద్ర.
"పదేను రూపాయలు. వల తాకట్టెట్టిన ఏడు కూడా
ఇది మాన్లేదు మా అయ్య.
ఇప్పుడెవలు కడతన్నారమ్మా నీకు?"

నాకు తెలిసినంత చెప్పాను,
చేపల బుట్టల మధ్య, ఈగలు తోలుకుంటూ.
జర్మనీలో ఇంటికింతని చందా,
ఎంతో తేల్చడానికి లెక్కలు తెలిసిన ఓ సంఘం,
ఆపైన పదహారు రాష్ట్రాలూ తలూపాలి.
("పదారా? ఈ పేటలో నాలుగు పడవలోళ్లు ఒక మాట మీదుండరు!")
ఫిన్లాండులో పన్ను, సంపాదనను బట్టి.
స్విట్జర్లాండులో జనాన్నే అడిగారు, ఉంచాలా తీసేయాలా అని.
కడతామన్నారు జనం.
జపానులో తలుపు తట్టి అడిగేవాళ్లట.
అమెరికాలో, ఇస్తామని రాసిన సొమ్మునే
ఓట్లు వేసి వెనక్కి తీసుకున్నారు.

"మరి మనకో?"

మనకు ఢిల్లీలో, ఫిబ్రవరిలో,
లావుపాటి పుస్తకంలో ఒక గడి.
ఆ గడిలో ఎవరో ఒక అంకె వేస్తారు.
ఎలా వేస్తారో నాకూ తెలీదు.
బహుశా పోయినేటి అంకె చూసి.

ఆమె నవ్వలేదు.
బేరం చెడినట్టు మొహం పెట్టి కత్తిపీట కడుక్కుంది.

పోయిన వారం ఐస్ ఫ్యాక్టరీ కోరుపోలు గారు స్టేషన్‌కి వచ్చారు.
మత్స్యకారుల వాతావరణానికి ముందు మా పేరు చెప్పండి, డబ్బులిస్తాం.
తప్పేం లేదు. మంచి మనిషి. మంచు కూడా మంచిదే.
కానీ పడవ కదలకపోతే మంచు అమ్ముడుపోదు.
"వేటకు వెళ్లరాదు" అని చదివిన మూడో రోజున
ఆయన నా వైపు ఎలా చూస్తారో ఊహించుకున్నాను.
గడిలో అంకె వేసేవాళ్లు
ఏ వార్తకి ఎలా చూస్తారో ఊహించడం
నాకెప్పటినుంచో అలవాటే.
గొంతు దానంతటదే ఒక మెట్టు దిగుతుంది.
ఆ మెట్టుకి ఎవరూ వోచర్ రాయరు.

వచ్చేస్తుంటే పిలిచింది. "ఒలమ్మా, ఆగు."
పదిహేను కానాగంతలు, లెక్కపెట్టి, కవర్లో వేసింది.
"నీకు కాదు. రేడియోకి. ఈ ఏటి సందా."
తీసుకోవచ్చా?
రూల్సులో చేపల గురించి ఏమీ లేదు.
రసీదు అడిగింది.
సింహాచలం బస్సు టిక్కెట్టు వెనక రాసిచ్చాను:
పదిహేను. ముట్టినవి. కింద తేదీ.
నలభై ఏళ్ల ఖాళీ పేజీలు తిప్పి
దాన్ని పుస్తకం చివర్న పెట్టుకుంది.

రాత్రి ఎర్ర దీపం వెలిగింది.
తీరం వెంబడి ఈదురుగాలులు. సముద్రం అలజడిగా ఉంటుంది.
మత్స్యకారులు వేటకు వెళ్లరాదు.
స్క్రిప్టులో ఒక్కసారే ఉంది.
రెండుసార్లు చదివాను,
మెట్టు దిగకుండా.
కాగితానికి చేపల వాసన.