చోక్ గుంజి పట్టుకో

కూరగాయలకని చెప్పి బయల్దేరుతుంది అమ్మ,
ఆదివారం ఆరు గంటలకే, ఎర్రగడ్డ సంతకి.
సంచిలో మొదట పడేది మాత్రం
ఎవరింట్లోనో మూగబోయిన ట్రాన్సిస్టర్.
చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తుంది
కొబ్బరికాయ కొనేవాళ్లలాగా.
"పానముంది దీంట్ల," అంటుంది.
అమ్మేవాడు వెంటనే ఇరవై రూపాయలు పెంచుతాడు.

టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఇరవై ఆరేళ్లు
ఎడమ చెవికి హెడ్‌సెట్ తగిలించుకుని
ఊరి మాటల్ని ఊరికి కలిపింది రత్నమాల.
వీఆర్ఎస్ డబ్బులు చేతికొచ్చిన వారంలోనే
డెబ్భై ఎనిమిది మోడల్ ఫియట్ ఒకటి
తాడు కట్టి లాక్కొచ్చింది రామ్‌నగర్‌కి.
విరిగిన పాల రంగు. అద్దం దించితే ఎక్కదు.
నాన్న నెల రోజులు మాట్లాడలేదు,
ఆ తర్వాత వెనక సీట్లో కూర్చుని మాట్లాడలేదు.

కార్బురేటర్ కిట్ కోసం రాణిగంజ్‌లో మూడు శనివారాలు.
మెకానిక్ పేరు ఛోటూ మియా, వయసు డెబ్భై పైనే.
ఇద్దరూ బానెట్ కింద తలలు దూర్చి
ఒకరు ఉర్దూలో, ఒకరు తెలుగులో తిట్టేవాళ్లు.
ఇంజిన్‌కి రెండూ అర్థమయ్యేవి.
దగ్గేది, ఉలిక్కిపడేది, నడిచేది.

దాని వేడి ఊరికే పోతే అమ్మకి నచ్చదు.
నాంపల్లిలో కొన్న లుఖ్మీలు రేకు కాగితంలో చుట్టి
ఇంజిన్ పక్కన ఇరికించేది.
మెహదీపట్నం దాటేసరికి కరకరలాడేవి,
కొంచెం ఖీమా, కొంచెం పెట్రోల్.
ఇప్పటికీ ఎంత పెద్ద హోటల్లో తిన్నా
ఏదో ఒకటి వెయ్యడం మర్చిపోయారనిపిస్తుంది నాకు.

బార్కస్ దగ్గర ఒక రాత్రి బారాత్ అడ్డమొచ్చింది.
అందరూ హారన్లు కొడుతుంటే
అమ్మ ఇంజిన్ ఆపేసింది,
ఆపితే మళ్లీ అందుకోదని తెలిసీ.
"మర్ఫా కొడ్తున్నరు. జర సప్పుడు చెయ్యకు."
స్టీరింగ్ మీద వేళ్లతో దరువు పట్టుకుంది,
ఎక్కడో ఒక దెబ్బ జారితే నొచ్చుకుంది కూడా.
నేను డిగ్రీ రెండో ఏడు. సీట్లో కిందికి జారి
చున్నీతో ముఖం కప్పుకున్నాను.
చివరికి ఆ మర్ఫావాళ్లే తోశారు బండిని.
నలుగురు వెనక నుంచి నెట్టారు,
ఇద్దరు పక్కన పరుగెడుతూ వాయించారు,
పెళ్లికొడుకు గుర్రం మీంచి వంగి చూశాడు.
గేరు పడగానే అమ్మ అరిచిన అరుపు
నేను పుట్టినప్పుడు కూడా అరిచి ఉండదు.

పోయిన ఏడు ఎడమ చెవి పూర్తిగా పోయింది,
కుడిది సగం.
మేం ఏడవడానికి సిద్ధపడి వెళ్లాం.
అమ్మ డాక్టర్‌ని అడిగింది:
బ్యాటరీ ఎన్ని గంటలొస్తది, బ్లూటూత్ ఉందా,
లోపల స్పీకర్ ఎంతుంటది.
చిక్కుడు గింజంత మిషన్.
మూడో రోజుకల్లా కళ్లద్దాల స్క్రూడ్రైవర్‌తో విప్పేసింది.
వారంటీ పోయింది.
"దాన్నన్నా ఇడిసిపెట్టు,"
వెనక సీట్లోంచి నాన్న. పదిహేనేళ్లకి.
అమ్మకి వినబడలేదు,
మిషన్ ముక్కలు ఒళ్లో ఉన్నాయి కదా.

ఈ పొద్దున చలికి ఫియట్ మొండికేసింది.
బిగించుకున్న మిషన్ మళ్లీ తీసి నా అరచేతిలో పెట్టి
బానెట్ మీద రెండు చేతులూ ఆనించింది,
పసిపిల్లకి జ్వరం చూసినట్టు.
"సెవుల కంటె ఇవే నయం," అంది.
"మూడో సిలిండర్ మాట్లాడ్తలేదు.
చోక్ గుంజి పట్టుకో బిడ్డా, ఇడవకు."

ఒక చేత్తో చోక్.
ఇంకో గుప్పిట్లో ఆ గింజ సన్నగా ఈల వేస్తోంది
స్టేషన్ దొరకని రేడియోలాగా.
దాన్నెలా ఆపాలో నాకు తెలీదు,
అడుగుదామంటే ఆమెకి వినబడదు.
చోక్ మాత్రం వదల్లేదు.