పరిచయ సభ, పులియాంతోపు

రమ్మంటే వచ్చాను.
రిటైరయ్యాక నన్ను ఏ వేదిక మీదికీ ఎవరూ పిలవలేదు.
ఈ వీధుల్లో ఇంట్లో మాట్లాడేది తెలుగే గనక
అభ్యర్థుల్ని తెలుగులో పరిచయం చెయ్యాలట.
కాగితం చూసి తెలుగు చదవగలిగేది
చుట్టుపక్కల నేనొక్కదాన్నేనట.

ఓట్టేరి కాలవ పక్కన
రెండు టాటా ఏసులు కలిపి కట్టిన వేదిక.
వెనక ఫ్లెక్సీలో ఆకాశమంత నాయకులు ముగ్గురు,
వాళ్ళ మోకాళ్ళ దగ్గర తపాలా బిళ్ళలంత
మా నాలుగు వార్డుల అభ్యర్థులు.
గుర్తు ఇస్త్రీపెట్టె.
'ఈ పేట ముడతలన్నీ సాపు చేస్తాం' అని
కార్యదర్శి యతిరాజులు రాసిచ్చిన కాగితంలో ఉంది.
రేకు మీద రేకు కప్పుకున్న ఈ ఇళ్ళల్లో
ముడత కానిదేదో, అడగలేదు.

మొదట పెంచలనరసింహం.
కాగితం ప్రకారం పేదల పెన్నిధి.
నాకు తెలిసినంతలో క్యాన్ల నీళ్ళ వ్యాపారి.
వరదొచ్చిన డిసెంబరులో క్యానుకి నూటయాభై తీసుకున్నాడు.
ఆ వారం నడుంలోతు నీళ్ళలో
నీళ్ళు మోసుకొచ్చినవాడూ అతనొక్కడే.
రెండూ చెప్పాలనిపించింది.
పెన్నిధి అనేసి ఊరుకున్నాను.

రెండు, శ్రీమతి సుగుణ.
వార్డు ఆడవాళ్ళకొచ్చింది గానీ
కండువా మొగుడి భుజం దిగలేదు.
నేను సుగుణ అనగానే ఆయన లేచి దండం పెట్టాడు.
జనం నవ్వారు. ఆమె కూడా నవ్వింది,
కాస్త ఆలస్యంగా, ఎవరి వైపూ చూడకుండా.

మూడో ఆయన ఇంకా రాలేదు.
అవతలి పార్టీ వాళ్ళతో టీ తాగుతున్నాడని
మైకు సెట్టు కుర్రాడు చెవిలో ఊదాడు.
ఆయన గుణగణాలు రెండుసార్లు చదివాను,
ఖాళీ కుర్చీకి మాలేసినట్టు.

నాలుగో పేరుకి ఒకటే వరుస.
బిరుదు లేదు, పక్కన చదువు లేదు.
ఆర్. గురవమ్మ, పాత కాంట్రాక్టు కార్మికురాలు.
చేతి తొడుగులు అడిగినందుకు పని పోయిందన్నది
కాగితంలో లేదు, అందరికీ తెలుసు.

ఆ పేరు దగ్గరికొచ్చేసరికి
నా గొంతు తనంతట తనే పాత దారి పట్టింది.
ముప్పై ఏళ్ళు కార్పొరేషన్ తెలుగు బడిలో
పొద్దున తొమ్మిదింటికి వాడిన గొంతు.
ముందు అక్షరం, కాస్త ఆగి, పేరు:
ఆర్... గురవమ్మ.

"వచ్చాను టీచర్!"

చటుక్కున లేచి, చెయ్యెత్తి.
తర్వాత నాలిక కరుచుకుంది.
జుట్టు సగం నెరిసింది.
ఆరో తరగతి, కిటికీ పక్క బల్ల.
వారానికి మూడు రోజులు వచ్చేది కాదు,
వాళ్ళమ్మతో చీపురు పట్టుకెళ్ళేది.
ఎర్రసిరాతో గైరుహాజరు వేసేదాన్ని.
ఎందుకు రాలేదని ప్రతిసారీ అడిగాను,
ఏ వీధికి పోయావని ఒక్కసారీ అడగలేదు.
అది మా వీధేనని
బడి మూసేశాక తెలిసింది.

మైకు ఆమెకిచ్చాను.
"మూతల్లేని మాన్‌హోళ్ళు పదకొండు" అంది.
ఏ సందులో, ఎవరి గడప ముందు,
ఏ పిల్లాడు పడి ఎవరు లాగారో
ఒక్కొక్కటే చెప్పుకుపోయింది.
యతిరాజులు గడియారం చూసుకున్నాడు.
ఇస్త్రీపెట్టె మాట ఎత్తనేలేదని
తర్వాత ఆమెను కసిరాడు కూడా.
చప్పట్లు పెద్దగా లేవు,
వెనక ఎవరో ముసలమ్మ మాత్రం
"పన్నెండే పిల్లా, మా ఇంటెనక ఒకటుంది" అని అరిచింది.
గురవమ్మ అరచేతిలో రాసుకుంది.

పదకొండోది మా సందు మలుపులో.
రాత్రి నడిచొస్తూ చూశాను.
విరిగిన చీపురుకర్ర గుచ్చి
ఎర్ర జాకెట్టు గుడ్డ కట్టి ఉంది.
దాని అంచు తప్పించుకుని రోడ్డు దాటాను.

రోడ్డుకి ఆ పక్క గురవమ్మ వార్డు.
నా ఓటు ఈ పక్క.
ఇక్కడ మా అభ్యర్థి
పెంచలనరసింహం.