ఆరు నిమిషాల ఎండ

గోబీలో, గుడారం కప్పు మీద
ఎండుతున్న పెరుగు గడ్డలు ఒక పక్క,
సోలార్ పలక ఒక పక్క.
ఎండ ఒక్కటే.

మబ్బు దాటితే చాలు
దుల్మా అవ్వ లేచి పలకను సూర్యుడి వైపు తిప్పుతుంది,
ఈగల్ని తోలినంత అలవాటుగా.
"ఇంకా నిండలేదా?"
"మూడో సెల్ వెనకబడింది అవ్వా."
"మందలో ఒకటి ఎప్పుడూ అంతే."

రాత్రికి టీవీలో కుస్తీ పోటీలున్నాయి.
ఆ కరెంటూ ఇందులోంచే రావాలి.
తెలిసే తిప్పుతోంది.

నాలుగు గంటల తర్వాత చార్జర్ కీచుమంది.
గన్‌జోరిగ్ ఒకటే పరుగు.
థర్మకోల్ రెక్కలు గడ్డి మీంచి లేచాయి,
గుర్రాలు చెవులు రిక్కించాయి,
ఒక గద్ద దగ్గరికొచ్చి చూసి
ఏమనుకుందో, వెళ్లిపోయింది.

ఆరో నిమిషంలో మోటారు ఆగింది.
విమానం ఆగలేదు.
గాలి మీద ఇంకా వాలి, ఇంకా తేలి...

కింద అవ్వ,
కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని,
నోట్లో పెరుగు గడ్డ నమలడం మరిచి.