గెంటెమూతి

సూళ్ళూరుపేట బస్టాండు ఎదురు సందులో
నాది ఫోటో స్టూడియో.
"కదలకండి, గడ్డం కొంచెం కిందికి" అని
ఇరవై రెండేళ్ళుగా జనాన్ని ఆపినవాణ్ణి.
పులికాటులో మాత్రం నా మాట
ఒక్క ఈకైనా వినలేదు.

పిట్టల లెక్కకు నన్ను లాక్కెళ్ళింది
జూనియర్ కాలేజీ దయాసాగర్ సారు.
తొలి ఏడు నేను రాయించిన తెల్లకొంగ
తుమ్మకొమ్మకు తగులుకున్న యూరియా సంచి.
రెండో ఏడు డేగ అన్నది
రాకెట్టు చూడ్డానికొచ్చిన పిల్లల గాలిపటం.
సారు నవ్వలేదు.
రిజిస్టరులో నా పేరుకెదురుగా
పెన్సిలుతో చిన్న ప్రశ్నార్థకం పెట్టి ఊరుకున్నాడు.

మూడో ఏడు, జనవరి, అటకానితిప్ప దగ్గర
నీళ్ళు తీసిన బురదలో
ఉల్లంకులు వందలు, గింజలు చల్లినట్టు.
అందులో ఒకటి,
పిడికిట్లో పట్టేంతది, ముక్కు కొసన
ఉప్పుచెంచా అంత వెడల్పు.
చెయ్యి వణుకుతుండగానే నొక్కాను.
పెళ్ళిళ్ళకు కొన్న లెన్సు
అంత దూరం ఎప్పుడు చూసింది గనక!

"గెంటెమూతి కొంగ అయ్యుంటుంది" అన్నాడు సారు.
కొంగ కాదు సార్, పిచ్చికంత.
ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు,
మళ్ళీ పెట్టుకోవడం మరిచిపోయాడు.
"లోకం మొత్తమ్మీద కొన్ని వందలే మిగిలాయంటారబ్బయా."

తెల్లారేసరికి మద్రాసు కార్లు, తిరుపతి కార్లు,
గట్టు పొడుగునా మూడుకాళ్ళ గొట్టాలు.
తడ నుంచి టీ క్యాను కూడా వచ్చింది.
పిట్టా వచ్చింది, చెంచాతో సహా.
ఎవరూ ఊపిరి తీయలేదు.
అది గుంటలోకి దిగి
ముక్కు ఓసారి జాడించి
కాలితో గోక్కుంది.
చెంచా రాలిపోయింది.
బురద.
మామూలు బుడ్డ ఉల్లంకి,
సన్నటి నల్లముక్కుతో
మావైపు చూడనైనా చూడకుండా
తన తిండి తాను పొడుచుకుంటోంది.

కార్లు వెళ్ళిపోయాయి.
టీ బాకీ నేనే కట్టాను.

చేతుల్తో రొయ్యలు తడిమే మానికల వెంగమ్మ
మోకాటిలోతు నీళ్ళలోంచి అంతా చూసింది.
"నిన్న నువ్వు జూసింది ఇది గాదులే" అంది.
ఎట్టా తెలుసు?
"నిన్నటిది నీళ్ళంచున తల అటూ ఇటూ ఊపుకుంటా మేసింది.
ఇది పొడిచి పొడిచి ఉరుకుతుండాది."
మరి పొద్దున్నే చెప్పొద్దా?
"నన్నెవురడిగినారు?
అడిగినా నా మాట నమ్మబాకు.
శవాన్నే తప్పుజెప్పినదాన్ని గదా."

గుర్తొచ్చింది. తుఫాను ఏడు,
ఎస్సై పిలిస్తే ఆ ఫోటో తీసింది నేనే.
మొహం చేపలు తిన్నాయి.
గళ్ళచొక్కా చూసి "మావోడే" అంది.
ఏడ్చింది. పూడ్చింది.
పదహారో రోజు, కోయంబేడులో మూటలు మోసి
మొగుడు తిరిగొచ్చాడు,
చేతిలో కారప్పూస పొట్లంతో.
ఊరు నవ్వింది. ఇప్పటికీ నవ్వుతుంది.

"వాడొచ్చినాడు, సరే" అంది వెంగమ్మ
బుట్టలో రొయ్యలు కుదేసుకుంటూ.
"మరి నేను పూడ్చినోడెవురబ్బయా?
ఆ మాట ఒక్కరూ అడగలా.
ఏటా ఆ దినానికి వాడికీ ఒక ముద్ద పెడతా.
పేరు దెలీదు, ఏమని పిలిచేది?
యోవ్, అంటా."

రాత్రి స్టూడియోలో
ఆ మసక ఫోటోను పెద్దది చేశాను.
చేసేకొద్దీ పిట్ట పోయి
బూడిదరంగు గళ్ళు మిగిలాయి.
గళ్ళ చివర ఏదో వెడల్పు.
బురద కావచ్చు.

సారు రిజిస్టరు పంపాడు, ఆ పద్దు చెరిపేయమని.
పెన్సిలు గీతే, తేలిగ్గా పోతుంది.
రబ్బరు చేతిలోకి తీసుకున్నాను.
ఇంతలో ఎవరో కుర్రాడు
తల తడుపుకుని, క్రాపు దువ్వుకుని
పాస్‌పోర్టు ఫోటో కోసమని
నీలం తెర ముందు కూర్చున్నాడు.
రబ్బరు పక్కన పెట్టి లేచాను.
కదలకు, అన్నాను.