మిగిల్నది రేపు

నెల్లిమర్ల మిల్లు గేటుకెదురుగా
బంగారమ్మ టీ బడ్డీ.
పదిలో లెక్కలు తప్పి
గ్లాసులు కడుగుతున్నాను నేను.

రెండో షిఫ్టు తవిటయ్య
ఒలికిన టీలో వేలు ముంచి
బల్ల మీద త్రిభుజం గీశాడు.
"మూడు మూలలూ కలిపితే ఎంతరా?"
ఒక భుజం మీదికి అప్పుడే చీమలొచ్చాయి.
కూత పడింది.
గోనె పీచు అంటిన చొక్కాతో
"మిగిల్నది రేపు" అంటూ పరిగెత్తాడు.

రేపటికి గేటుకి తాళం.

నలభై రోజులు అరువు టీలు.
ఓ మధ్యాహ్నం బల్ల తుడుస్తూ ఆగి బంగారమ్మ
నిశానీ వేసే బొటనవేలితోనే
అదే త్రిభుజం,
దాని నెత్తిమీద, కింది గీతకు జోడుగా
ఇంకో గీత లాగింది.

"ఈ మూలా ఆ మూలా పైకొచ్చి
దీని పక్కన కూకుంటే
తిన్నగా గీతే కదేటి?
ఆడు సెప్పబోయిందదే."

నా చేతిలో గ్లాసు
ఇంకా కడగలేదు.