దీపం మసి

ఫోగో దీవిలో నవంబరంటే
కిటికీ అద్దం మీద ఉప్పు పొర.
రాళ్ల అవతల, చాలా దూరాన
ఎయిడర్ బాతులు నల్లగా తేలుతుంటాయి.
అందుకే బరువు తూటాలు కావాలంటాడు
క్లెమ్ బ్లాగ్డన్, పందొమ్మిదేళ్లవాడు.

బల్ల మీద పెట్టాడు తాత తుపాకీ, జంట గొట్టాలది.
చేసినవాడి పేరు లేదు. ఎప్పుడో మూతపడ్డ
ఇనుప సామాన్ల కొట్టు పేరు చెక్కి ఉంది,
పక్కన ఎగిరే బాతు, ముక్కు కాస్త వంకర.
"చవకదే. కానీ గట్టిదే కదా?"

మా మామ లియాండర్ బదులివ్వలేదు.
గొట్టాలు ఊడదీసి, దారానికి వేలాడగట్టి
కుండ బేరమాడేవాడిలా వేలితో కొట్టాడు.
మోగింది. చాలాసేపు మోగింది.
క్లెమ్ నవ్వాడు.
"అది గొట్టాల మాట. కీలు ఇంకా నోరు విప్పలేదు."

మళ్లీ బిగించి, ముందు చెక్క తీసి ఊపాడు. చప్పుడు లేదు.
పై మీట నడిగీత దాటి ఎడమకి పోలేదు,
అరగనిదానిలా కుడివైపే నిలిచింది.
దీపం మసి పట్టించి మూశాడు, తెరిచాడు:
రెండు గుండ్రాలు, ఎక్కడా తెగకుండా.
నాకూ నచ్చింది. రశీదు పుస్తకం తెరిచాను.

అప్పుడు తీశాడు భూతద్దం.
అడుగు పలకా నిలువు గోడా కలిసే మూల.
ఖరీదైనవాటికి అక్కడ కాస్త వంపు వదులుతారు,
చవకవాటికి తీరిక ఉండదు, కత్తితో కోసినట్టు ఉంటుంది.
పేలిన ప్రతిసారీ గోడ వెనక్కి వాలుతుంది
వెంట్రుకలో సగం, మళ్లీ లేస్తుంది.
లెక్క రాసుకునేది ఆ మూలే.

కిరోసిన్ పూసి, తుడిచి, సుద్దపొడి అద్దాడు.
ముగ్గురం టీ తాగాం,
అటు చూడనట్టే చూస్తూ.

తెల్లటి సుద్దలో
తడిగా లేచింది ఒక గీత,
బియ్యపు గింజంత.

"పోనీ, తేలిక తూటాలైతే?"
"గీతకి తేలికా బరువూ తెలీదురా.
ఎటు పోవాలో తెలుసు, అంతే."

"మీ తాత నలభై ఏళ్లు కాల్చాడు దీన్ని,
పావు మందుతో, పిసినారిలా.
ఇది కొత్త గీత."

క్లెమ్ చాలాసేపు కప్పులోకే చూశాడు.
తర్వాత కోటు జేబులోంచి ఒక్కొక్కటే తీసి
బల్ల మీద నిలబెట్టాడు,
ఎర్ర తూటాలు, పొడుగువి.
పదకొండు.
పెట్టెకి ఇరవై అయిదు.

మామ ఏమీ అనలేదు.
రశీదులో ఏం రాయాలో నాకు చెప్పనూ లేదు.
పద్నాలుగుసార్లు ఆ మూల పక్కనే ఆనిన చెంపను
క్లెమ్ అరచేత్తో
రుద్దుకుంటూనే ఉన్నాడు.