మూడో గంట కొట్టని నాటకం

మా నాటకానికి మూడో గంట ఉండదు.
గంట కొడితే ముందు వరుస ఏడుస్తుంది.

తార్నాకలో మూతబడ్డ కుట్టుమిషన్ల దుకాణం మీది అంతస్తు.
ఆదివారం పదిన్నర.
నేల మీద జంపఖానా, దాని మీద పరుపులు,
పరుపుల మీద పద్నాలుగు మంది ప్రేక్షకులు.
అందరిలో పెద్దవాడికి రెండేళ్లు దాటి నాలుగు నెలలు.
చిన్నదానికి మెడ నిలబడి నెల కాలేదు.
టికెట్ చూపిస్తూ ఒకామె అడిగింది,
"వీడికేం అర్థమవుతుందండీ?"
నవ్వి ఊరుకున్నాను.
నాకూ సరిగ్గా తెలీదు.

కథంటూ ఏమీ లేదు.
ఒక ఇత్తడి గిన్నె. ఒక గరిటె.
మా అత్తయ్య కట్టి కట్టి మెత్తబడ్డ నీలం వాయిల్ చీర.
తాళానికి హబీబ్ భాయ్.

బార్కస్ మనిషి. ముప్పై ఏళ్లు బరాతుల్లో మర్ఫా కొట్టాడు.
ఆయన దెబ్బకి ఒక పెళ్లికొడుకు గుర్రం
చాదర్‌ఘాట్ వంతెన దాకా ఉరికిందని చెప్పుకుంటారు.
ఇక్కడ గోటి చివరతో కొట్టమన్నాను.
"పిడుగు వడుమంటే వడ్త బీబీ,
చీమ లెక్క నడువుమంటే ఎట్ల?"
నెల రోజులు మనవరాలి వీపు మీద సాధన చేశాడు,
అది నిద్రపోయే దాకా.
నిద్రపోయిన రోజు ఫోన్ చేసి
"వచ్చింది" అన్నాడు, అంతే.

నేను చీర వెనక్కి వెళ్తాను.
వాళ్లకి ఇక నేను లేను.
పద్నాలుగు నోళ్లు తెరుచుకుని,
చొంగ గడ్డం దాకా జారి ఆగి.
రవీంద్రభారతిలో విషం తాగి చచ్చాను, నూతిలో దూకి చచ్చాను,
మూడో వరుసలో ఎవరో పల్లీలు వలుస్తూనే ఉండేవారు.
నా చావుని ఇంతగా నమ్మింది వీళ్లే.
చీర దించుతాను. దోబూచి!
బతికొచ్చినందుకు
ఒకడు పరుపు మీద పాస్ పోశాడు.

ఆ ఆదివారం మేధాంశ్ లేచాడు.
(వాళ్ల నాయనమ్మకి ఆ పేరు తిరగదు, మేదాసు అంటుంది.)
ఊగుతూ తలుపు దాకా వెళ్లి,
హబీబ్ భాయ్ తొమ్మిదో నంబరు చెప్పు
రెండు చేతులా మోసుకొచ్చి
నా గిన్నెలో పెట్టాడు.

తల్లి సగం లేచి "సారీ సారీ" అంటోంది.
ఆగమని కళ్లతోనే చెప్పాను.
వాడు నా మొహంలోకి చూస్తున్నాడు.
తర్వాతి మాట నాది.
ఇరవై రెండేళ్లుగా స్టేజీ మీదున్నాను,
ఒక్క మాటా తోచలేదు.

గరిటె తీసి చెప్పుని కలిపాను.
అటు తిప్పి, ఇటు తిప్పి,
వేలు ముంచి నాలిక్కి ఆనించినట్టు చేసి
"ఉప్పు తక్కువైంది" అన్నాను.

ఇంకొకతి లేచింది. పింక్ బూటు.
ఇంకొకడు ఎవరి హీల్సో ఈడ్చుకొచ్చాడు.
నడక రానిది పాకుతూ, నోట కరుచుకుని, తన సాక్సు.
గిన్నె నిండి పొంగింది.
వెనక ఎప్పుడు మారిందో, గోటి చివరన
బరాత్ దెబ్బ నడుస్తోంది,
చీమల పెళ్లికి వినబడేంత.
వీధిలో పాత ఇనప సామాను బండివాడి మైకు
ఏదో అరిచి వెళ్లిపోయింది. ఒక్కరూ అటు తిరగలేదు.

అయిపోయిందని ఎవరికీ చెప్పలేదు.
ఒక్కొక్కరే నిద్రపోతుంటే అయిపోయింది.
పెద్దవాళ్లు వంగి జతలు వెతుక్కున్నారు.
ఇందాకటి ఆమె తన ఎడమ హీలు చేత్తో పట్టుకుని
మళ్లీ ఏదో అడగబోయి, అడగలేదు.

మేధాంశ్ తల్లి భుజం మీద పడుకున్నాడు,
చంకలో తొమ్మిదో నంబరు.
ఆమె మెల్లగా లాగబోయింది.
హబీబ్ భాయ్ అడ్డొచ్చాడు:
"ఉండనియ్యి బిడ్డా.
టికెట్ కొన్నడు గద."

ఒంటి చెప్పుతో మెట్లు దిగాడు.
టప్, మెత్తగా. టప్, మెత్తగా.
గిన్నె తుడుస్తూ నేను లెక్కపెట్టాను.
వచ్చే వారం అక్కణ్ణించి ఎత్తుకోవాలి.